ఎనిమిది డబ్బాలు

బంగారుపాళ్యం కాటా కాడ
రాత్రి తొమ్మిదికి పదకొండు ట్రాక్టర్లు.
అన్నీ తోతాపురి, అన్నీ ఫ్యాక్టరీకే.
పగలంతా ఎండకు కాగిన కాయ
లోపల్లోపలే మగ్గతా ఉంది.
వాసన రోడ్డు దాకా వచ్చి నిలబడింది.

చెంగల్రాయులు ఫోన్లో అన్నది ఒకటే మాట:
"తెరకు పూనకం వచ్చింది పాపా, బిరీన రా."

చిత్తూరు నుంచి స్కూటీ మీద పోయి చూస్తే
నిజంగానే పూనకం.
అక్షరాలు నడుముకాడికి చీలి
సగం వరస కుడికి, సగం ఎడమకి.
పచ్చ గీతలు, ఊదా గీతలు,
ఆరేసిన చీరల్ని గాలి కొట్టినట్టు.
మధ్యాహ్నం మిషనే అడిగిందంట
కొత్తది ఎక్కించుకోనా అని.
ఈయన ఊ అన్నాడంట.
ఊ అనడానికీ ఒక కాలముంటుంది సామీ,
మామిడి సీజన్లో అనకూడదు.

పాలిటెక్నిక్ వేలంలో తెచ్చిన ల్యాప్‌టాప్.
దుడ్లు పెట్టబళ్లేదని లినక్స్ వేసిచ్చింది నేనే,
నాలుగేండ్ల కిందట.
తప్పెవరిదని అడిగితే
తిరిగి తిరిగి నాకాడికే వస్తుంది.

ముందు గుడ్డిగా కొట్టినా:
రీసెట్. ఎంటర్.
తెర ఒకసారి కన్ను మూసి తెరిచి
మళ్ళీ అదే ఆట.
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ,
పక్క గదిలోకి తొంగి చూసినా.
అక్కడా గీతలే.
వెనకాల ఎవరో హారన్ కొట్టినారు,
ఇంకెవరో వాణ్ణి తిట్టినారు.

ఆపి, మళ్ళీ వేసి,
మెనూ కనబడే ఆ ఐదు సెకన్లలో
'ఇ' నొక్కి పట్టుకుని
లినక్స్ అని మొదలయ్యే పొడుగాటి వరస చివర
ఒక్క మాట చేర్చినా: నోమోడ్‌సెట్.
సోకులు మానుకో, ఉన్నదాంతో కానీ
అని దానర్థం.
పెండ్లివంటల కాడ మా మేనత్త అనేదీ ఇదే.

వచ్చింది.
రంగుల్లేవు, కిటికీల్లేవు. నల్ల పలక,
ఆర్టీసీ బస్సు బోర్డంత అక్షరాలు.
అంకెలు సక్కంగా నిలబడినాయి, 3,260 కిలోలు.
పేర్ల కాడ మాత్రం
వరసగా ఖాళీ డబ్బాలు.

మునియమ్మ ట్రాక్టర్ దిగొచ్చి
నా భుజం మీంచి చూసింది.
"దీంట్లో నా పేరేది మే?"
వేలు పెట్టి చూపించినా, ఎనిమిది డబ్బాలు.
"నాలుగే కదా నా పేరుకి?"
కొమ్ముకొకటి, గుడికొకటి,
మ-కూ మ-కూ మధ్య
ఎవరి చెవికీ పడకుండా కూర్చున్న పొల్లుకొకటి.
ఈ పలకకు అతకడం తెలీదవ్వా,
విడివిడిగా పేరుస్తుంది.
ఆమె కాసేపు దాన్నే చూసింది.
"డబ్బాలైతే లెక్కపెట్టను నాకూ వచ్చు" అనింది.
"కాయనెట్టా పేర్చేది వాటిల్లోనే."

అక్కడితో అయిపోతే బాగుండు.
మూడో బండి గుర్రప్పది.
లెక్కపెడితే ఆయనకూ ఎనిమిదే.
డబ్బాల్ని చూసి డబ్బులియ్యలేం కదా.
అంగట్లో నుంచి రూళ్ళ నోటుబుక్కు తెప్పించి
బండి నంబరు, తండ్రి పేరు, ఊరు
తెల్లారేదాకా పెన్నుతోనే రాసినా.
కంప్యూటర్ రిపేరుకని వచ్చినదాన్ని
గుమాస్తానైనా.
నా రాతలో పొల్లు ఎప్పుడూ పైకి ఎగురుతుంది.
స్కూల్లో దానికి దెబ్బలు తినింటి.
ఆ రాత్రి ఒక్కటి కూడా మరిచిపోలా.

పదకొండో బండి పోయినాక
చెంగల్రాయులు టీ ఇస్తా అడిగినాడు:
"పూర్తిగా ఎప్పటికి బాగవుతుంది?"
సీజన్ అయినాక అన్నా.
పాత కెర్నల్‌కి పోవాల, లేదా
కొత్తది దిద్దుకునేదాకా కాసుకోవాల.
రెండూ చెప్పినా. రెండోది ఆయనకు నచ్చలేదు.

ఇంకొక లోటుంది, అది నా చేత కాలేదు.
పలక అడుగున ఒక వరస
అంచు కిందికి జారిపోతా ఉంది.
ఖాళీ బండి బరువు తీసేసి
అసలు బరువు చెప్పే వరస అదే.
గమ్‌టేపు ముక్క చించి
తెర కింద అంటించి రాసినా:

చివరి వరస కనబడదు.
ఇంకొకసారి ఎంటర్ కొట్టవలెను.