సాక్షి కన్ను

తెల్లారుజామున నాలుగున్నరకి
భీమవరం కబేళా వెనక గుమ్మం దగ్గర
మీరాసాహెబు ఐసుపెట్టె అందిస్తాడు.
"ఇరవై నాలుగండి మేడం, లెక్క చూసుకోండి."
గేదె కళ్లు.
ఉప్పునీళ్లలో కలిసిపోయాక
ఏ రెండు ఒక గేదెవో ఇక తెలీదు.
స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని
యనమదుర్రు వంతెన దాటుతాను.
గతుకొచ్చినప్పుడల్లా
మూత మీదికి చెయ్యి పోతుంది, ఎందుకో.

మాది చిన్న లేబు.
రొయ్యల చెరువులో చల్లే మందు
మనిషి కంట్లో పడితే ఏమవుతుందో,
డబ్బా మీద ఏ బొమ్మ వెయ్యాలో
తేల్చి చెప్పడం మా పని.
మొన్నటిదాకా ఆ మాట కుందేళ్లు చెప్పేవి.

తల ఒక్కటే బయటికుండే పెట్టె.
కింది రెప్ప లాగి, ఒక కంట్లో మందు.
రెండో కంట్లో ఏమీ వెయ్యరు.
రిజిస్టరులో దాని పేరు సాక్షి కన్ను.
ఇరవై ఒక్క రోజులు
పక్కింటి మంట చూస్తూ కూచోవాలి అది.

ముదునూరి వారు, మా పెద్దసారు,
ముప్పయ్యేళ్లు ఆ రిజిస్టర్లు రాసినాయన.
"ఎన్ని చెప్పు, కుందేలే కొలమానం సత్యవేణీ."
పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని చూశాను.
ఈయన కుందేలుకి ఒకటే కన్ను.

కొత్త అంకెల్ని పాతవాటి పక్కన పేర్చి
పొసిగాయో లేదో చూడమన్నారు.
గేదె కంటి ముందరి పొరని
రెండు రింగుల మధ్య బిగిస్తాను.
మందు పోసి, పది నిమిషాలాగి, కడిగి
లైటు వేస్తాను.
తేటగా ఉన్న పొర
విరిగిన పాలలా తెల్లబడితే
వెలుగు ఇవతలే ఉండిపోతుంది.
ఎంత ఉండిపోయిందో మీటరు చెబుతుంది.

అనపర్తి నుంచి గుడ్లొస్తాయి, పొదిగిన తొమ్మిదో రోజువి.
పెంకు కోస్తే పల్చటి పొర,
దాని మీద నెత్తుటి పాయలు,
విజ్జేశ్వరం దగ్గర కాలవలు చీలినట్టు.
మందు చుక్కలు వేసి గడియారం పట్టుకుంటాను.
ఐదు నిమిషాల్లో
ఏ పాయ తెగింది, ఏది గడ్డకట్టింది.
తొమ్మిదో రోజుకి దానికి నొప్పి తెలియదంటారు.
రాసుకున్నాను.
అంటారు అన్న మాట కూడా రాసుకున్నాను.

ఘాటైన మందుకి గేదె కన్నూ గుడ్డూ ఒకటే మాట.
ఉత్త నీళ్లకీ ఒకటే మాట.
తగువంతా మధ్యవాటి దగ్గరే.
రెండొందల పన్నెండో నంబరుని
గుడ్డు వద్దంది, గేదె పర్వాలేదంది.
కుందేలేమందో చూద్దామని పాత రిజిస్టరు తీశాను.
మూడు కుందేళ్లు. ఒకే సీసా. ఒకే రోజు.
నాలుగు, పదహారు, ముప్పై ఎనిమిది.

సారు కళ్లజోడు తీసి తుడిచారు.
"ఆ రోజు చూసింది నేను కాదు" అన్నారు.
కాసేపాగి,
"మొదటి రెండే నేను."

ఒకటి మాత్రం ఆయనన్నది నిజం.
చచ్చిన కన్ను మానదు.
ఎంత చెడిందో చెబుతుంది,
ఎన్నాళ్లకి బాగవుతుందో చెప్పలేదు.

ఏసుపాదం అడిగింది అదే.
ఆకివీడు అవతల, చెరువు గట్టు మీద
బ్లీచింగు చల్లుతుంటే గాలి తిరిగింది.
ఎడమ కంట్లో పడింది.
చెరువు నీళ్లతోనే కడుక్కున్నాడు.
డబ్బా మీద బొమ్మ ఉంది, మేం వేయించిందే.
డబ్బా షెడ్డులో ఉంది.
అతని చేతిలో ఉన్నది ప్లాస్టిక్ మగ్గు.

"మళ్లీ కనపడుద్దంటారా అండీ?"

నా దగ్గర మీటరుంది, గుడ్లున్నాయి,
అటక మీద పద్దెనిమిది రిజిస్టర్లున్నాయి.
తెలీదన్నాను.
ఏ మందూ పడని అతని కుడి కన్ను
నా మొహం మీంచి కదల్లేదు.

నిన్న రిపోర్టు ముగించాను.
ఘాటువీ, నీళ్లలాంటివీ తేల్చడానికి
కుందేలు అక్కర్లేదని రాశాను.
మధ్యరకానికి ఒక్క పరీక్ష చాలదనీ,
రెండు మూడు కలిపి చూడాలనీ,
మానడం సంగతి ఇంకా తెలీదనీ రాశాను.
చివర, ఎవరూ అడక్కుండానే,
ఇంకో వాక్యం:
డబ్బాతో పాటు ఒక మగ్గు ఇవ్వాలి,
బొమ్మ దాని మీద కూడా ఉండాలి.

సారు ఎర్రపెన్ను పట్టుకుని అక్కడిదాకా వచ్చారు.
కొట్టెయ్యలేదు.