ఆఖరి నీలి దీపం

నా కాపలా నలభై మూడో వీధి దగ్గర అయిపోతుంది.
అక్కడొక స్తంభం, దాని నెత్తిన నీలి దీపం,
నడుం దగ్గర ఎర్ర మీట.
నొక్కితే మూడు నిమిషాల్లో యూనివర్సిటీ కారు వచ్చి వాలుతుంది.
ఆ తర్వాత కూడా ఫిలడెల్ఫియా ఉంది.
వాళ్ళ మ్యాపులో మాత్రం అక్కణ్ణించి కాగితం ఖాళీ.
నా ఇల్లు ఆ ఖాళీలో ఉంది.

నా పేరు ఎర్లీన్. జాకెట్ మీద పేరుండదు,
వీపు నిండా 'భద్రత' అని ఉంటుంది.
పసుప్పచ్చ గుడ్డ, లైటు పడితే భగ్గుమనే వెండి పట్టీలు.

రాత్రి ఒంటిగంటకి లైబ్రరీ మెట్ల మీద
పిల్లలు నాకోసం ఎదురుచూస్తారు,
గదిదాకా తోడు రమ్మని.
ఒహాయో నుంచొచ్చిన ఇంగ్రిడ్
తాళంచెవులు వేళ్ళ సందుల్లో ఇరికించి
పిడికిలి బిగించి నడుస్తుంది, పిల్లి గోళ్ళలా.
ఎవరు నేర్పారే అంటే మా పిన్ని అంది.
మా తమ్ముళ్ళకి మా పిన్ని నేర్పిన పాఠం వేరు:
చేతులు జేబుల్లో పెట్టకండి,
బస్సు పోతున్నా సరే పరిగెత్తకండి.

"ఇటువైపు ప్రమాదమటగా?" అనడిగిందా పిల్ల.
ఆ లాండ్రీ వెనకే నా మొదటి పన్ను ఊడింది,
ఆ అరుగు మీదే నా పెళ్ళి ఫోటో తీశారు,
ఇవేవీ చెప్పలేదు.
"వెలుతురున్న వైపు నడు తల్లీ" అన్నాను.
అదీ అబద్ధమేం కాదు.
పోయిన ఏప్రిల్‌లో మా మలుపులోనే
ఓటిస్ గారి చిన్నోణ్ణి కాల్చేశారు.
ఆ రాత్రి ఎవరి ఫోనూ మోగలేదు.
గీతకి అవతల కదా.

అక్టోబర్‌లో ఒక రాత్రి మోగాయి, అందరివీ, ఒక్కసారే.
ల్యాప్‌టాప్ లాక్కుపోయారు.
బూడిదరంగు హుడీ, ఆరడుగుల కుర్రాడు, పడమటికి పోయాడు.
అంతే వివరం.
మా మనవడు జమారి గిడ్డంగిలో పని ముగించుకుని
ట్రాలీ దిగే వేళ అది.
ఆరడుగులు. పడమటికే ఇల్లు.
హుడీ నేనే కొన్నాను, మాపు కనబడదని.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.
మళ్ళీ చేశాను.
భుజాన వాకీటాకీ గరగరలాడుతోంది,
నా మనవడు కావచ్చు, కాకపోవచ్చు,
ఎవరినో గోడకి నిలబెట్టారని.
నేనేమో ఓ చైనా కుర్రాణ్ణి మూడో అంతస్తు దాకా
భద్రంగా చేర్చి, గుడ్ నైట్ చెప్పి వస్తున్నా.

నలభై నిమిషాలు నిలబెట్టారట.
అన్నం డబ్బా మూత తీసి మరీ వెతికారట
ల్యాప్‌టాప్ కోసం.
అది చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు.
చల్లారిన సూపు వేడి చేశాను, మళ్ళీ చల్లారింది.

అప్పట్నించీ నాకు సెలవున్న రోజు
నా జాకెట్ వాడికి తొడుగుతున్నాను.
తప్పే. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.
భుజాల దగ్గర బిగుతు, చేతులు మణికట్టు దాకా రావు.

మొన్న మంగళవారం ట్రాలీ దిగాడో లేదో
వెనకాల చిన్న పరుగు.
"సార్, మా గదిదాకా వస్తారా?"
వాడు అటూ ఇటూ చూశాడట, ఎవర్నా అని.
రెండు వీధులు నడిచాడు పక్కన,
జాకెట్ లోపల అదే బూడిదరంగు హుడీ.
ఆ పిల్ల కెమిస్ట్రీ పరీక్ష గురించి మాట్లాడిందట
ఊపిరి తీసుకోకుండా.
దిగులుగా ఉన్నప్పుడు నువ్వూ ఇంతే నానమ్మా, అన్నాడు.
తలుపు దగ్గర థాంక్స్ చెబుతూ తాళాలు తీస్తుంటే చూశాడట:
చెవులన్నీ వేళ్ళ సందుల్లోనే ఉన్నాయి.

ఇంగ్రిడేనా? నేనడగలేదు.
అట్లా నడిచేవాళ్ళు చాలామంది.

జాకెట్ ఇప్పుడు వంటింటి మేకుకి ఆరుతోంది.
బయట సన్నగా జల్లు.
జమారి ఇవాళ కూడా ఒంటిగంటకే దిగుతాడు.
నాకివాళ డ్యూటీ ఉంది.
జాకెట్ ఒక్కటే.