పడవ లేనివాడి మోటారు

రాణిగంజ్‌లో హుజేఫా భాయి మొదటి ప్రశ్న:
"పడవ ఎంతది?"
నాకు పడవ లేదన్నాను.
చాయ్ గ్లాసు ఆయన పెదవి దాకా వెళ్ళి ఆగింది.

శామీర్‌పేట చెరువు మీద
ఆదివారానికొక అద్దె పడవ నాది.
ఒకసారి ఆకుపచ్చది, ఒకసారి అతుకుల రేకుది.
ముందొచ్చినవాడికి మంచిది,
ఆలస్యమైతే డొక్కుతో నీళ్ళు తోడుకునేది.
తెడ్డు వేసే కుడిభుజం పోయినేడు బిగుసుకుపోయింది.
చొక్కా తొడుక్కోవడానికే
గోడ సాయం అడుగుతోంది.

"అయితే ముందు బిగింపు చూడండి,
తోపు సంగతి తర్వాత" అన్నాడు.
యాభై అయిదు పౌండ్లదాన్ని పక్కకు జరిపి
ముప్పై ఆరుది నా చేతిలో పెట్టాడు.
ఇద్దరు మనుషులు, డబ్బాడు ఎర, గాలి లేవని పొద్దు.
చాలదా?
"పెద్దది కొంటే దాని బ్యాటరీ కూడా మీరే మోయాలి సాబ్."

అసలు బరువు అక్కడే ఉంది.
నీళ్ళు పోసే రకం ముప్పై కిలోలు, ధర సగం.
లిథియం పదకొండు కిలోలు, ధర మాత్రం
తారకేశ్వరి ముందు పూర్తిగా పలకలేని అంకె.
మాది లోతుకుంటలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
దుకాణంలో నిలబడే మెట్లు లెక్కపెట్టాను: యాభై నాలుగు.
భుజాన్నడిగాను.
అది లిథియం అంది.

వెనక నీలం డ్రమ్ములో ముంచి తిప్పి చూపించాడు.
పొయ్యి ఆర్పాక కుక్కరులో మిగిలే మూలుగంత, అంతే.
నీళ్ళు మాత్రం లేచి నా ప్యాంటు తడిపాయి.
"గుర్రపుడెక్కలోకి పోనివ్వకండి.
రెక్కకు చుట్టుకుంటే ముందు వైరు పీకి, తర్వాత చెయ్యి పెట్టండి."

వెనకపలక మందం అడిగాడు.
ఏ పడవది చెప్పను?
రెండంగుళాల పైన తెరుచుకునే దవడ ఉన్నదీ,
కాండం పైకీ కిందికీ జరిగేదీ ఇమ్మన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది మా ఫ్యాను.
ఈ ఊళ్ళో పదకొండు అద్దె ఇళ్ళు.
చిలకలగూడ, మెట్టుగూడ, తిరుమలగిరిలోనే మూడు.
ప్రతిసారీ ఆటోలో నా ఒళ్ళో కూర్చుని వచ్చింది,
రెక్కలు తారకేశ్వరి ఒళ్ళో.
ఇంటికో ఎత్తున కొక్కెం.
ఓనర్లందరిదీ మాత్రం ఒకే మాట:
గోడకు మేకు కొట్టొద్దు.
క్యాలెండరు ఇరవై ఏళ్ళుగా బీరువాకు ఆనుకునే ఉంది.

ఆదివారం, పడవల బాలమణి
మోటారు వంక చూడనే లేదు.
మరలు తిప్పుతుంటే పలకను చూసింది.
"నొక్కు పడతది సారూ. పాత చెక్క."
స్కూటర్ డిక్కీలో సైకిల్ ట్యూబు ముక్క ఉంటే
మధ్యన పెట్టి బిగించాను.
అడక్కుండానే రెండు తెడ్లు కూడా పడేసింది లోపల.

నాలుగు గంటలు తిరిగాం.
రెండు జెల్లలు, ఒక చెప్పు.
కొర్రమీనొకటి మోటారు పక్కనే ఈదుతూ వచ్చింది చాలాసేపు,
బెదరలేదు,
ఎరను లెక్కచెయ్యనూ లేదు.

మరుసటి ఆదివారం ఆలస్యమైంది.
పడవలన్నీ పోయాయి, ఆకుపచ్చది తప్ప.
వెనకపలక మీద
నేను మరిచిపోయిన ట్యూబు ముక్క,
నాలుగు మూలలా
కొత్త మేకులు.

బాలమణి అటు తిరిగి
చిల్లర లెక్కపెట్టుకుంటోంది.