ఎడమవైపు గీత

గ్లాసప్ నించి షెఫీల్డ్ ఆస్పత్రికి
కొండ మీదుగా ఇరవై నాలుగు మైళ్లు.
వారానికి నాలుగు రోజులు, పోనూ రానూ.
బస్సు ఉందంటారు,
దేవుడున్నాడన్నట్టు.

నాకో బండి కావాలి.
సోమవారం డ్యూటీకీ అదే,
జూన్‌లో స్కాట్లాండ్ చివరిదాకా అదే.
రెండు కొనే జీతం కాదు.
చెత్తడబ్బాలకీ గోడకీ మధ్య
ఒక్కటి పట్టేంత సందు నా ఇంటి ముందు.

మూడు శనివారాలు షోరూముల చుట్టూ తిరిగాను.
మొదటిది ఎర్రది, చూపు తిప్పుకోనివ్వదు.
ఎక్కి కూర్చోగానే
దండం పెట్టించుకునే దొరలా నడుం వంచేసింది.
పది నిమిషాలకే మణికట్లు మొరపెట్టుకున్నాయి.
దీని మీద పెళ్లికెళ్లొచ్చు,
పనికెళ్లలేం.

రెండోది ఎత్తు.
మునివేళ్లు మాత్రం నేలకి తగిలాయి.
ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది నా వాలకం.
"అలవాటవుతుంది" అన్నాడు ఆరడుగుల సేల్స్ కుర్రాడు.
అలవాటు పడాల్సింది ఎప్పుడూ పొట్టివాళ్లేనా నాయనా?

మూడోది సోఫా.
కదిలితే మెత్తన, ఆగితే ఏనుగు.
పార్కింగులో వెనక్కి నెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి.
నైట్ డ్యూటీ దిగిన తెల్లవారుజామున
నేను ఒక్క మనిషిని కూడా కాను.

నా పని ఎక్స్‌రే.
ఏప్రిల్ వచ్చిందంటే ఆదివారం సాయంత్రాలన్నీ బైకుల వాళ్లవే.
ఎముక విరిగినా సరే
లెదర్ జాకెట్‌ని కత్తెర ముట్టనివ్వరు.
చెయ్యి సంగతి అడగరు,
బండి ఎలా ఉందని అడుగుతారు.
"ఇన్ని చూస్తూ నీకెలా మనసొప్పిందే?" అంది మోరాగ్.
చేపలమ్మేవాళ్లు చేపలు తినరా, అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నాలుగోది హోప్ అనే ఊళ్లో దొరికింది.
ఆ ఊరికి ఆశ అని పేరు పెట్టింది నేను కాదు.
రాతి కొట్టంలో, పాత దుప్పటి కింద,
ఆలరన్‌షా అనే పెద్దాయన బండి.
నీలం. ఆరేళ్లది. పద్నాలుగు వేల మైళ్లు.
బటన్ నొక్కితే గాలి అద్దం పైకి లేస్తుంది,
హ్యాండిల్ చేతులకి చలి కాచిపెడుతుంది.
అటో పెట్టె, ఇటో పెట్టె:
ఒకదాన్లో హెల్మెట్టు,
ఇంకోదాన్లో మడతపెట్టిన యూనిఫాం, పులిహోర డబ్బా.
ఎక్కాను.
రెండు అరికాళ్లూ నిండుగా నేలకి ఆనాయి.
అంతే. మైలేజీ, ఇన్సూరెన్సు, సర్వీసు ఖర్చు,
ఆ లెక్కలన్నీ తర్వాత వేసుకున్నవే.

ఎడమ పెట్టె మీద జానెడు గీత.
"గేటుకి రాసుకుంది. ఈ బండి ఎన్నడూ పడలేదు" అన్నాడాయన
దుప్పటిని పైన కొక్కేనికి తగిలించబోతూ.
ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు.
కుడి చేతికి మార్చుకున్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను.
మొహాన్ని కాదు, నాకు మొహాలు నిలవవు.
ఎడమ కాలర్ బోను, ఒక ప్లేటు, ఏడు స్క్రూలు,
చివరిది కాస్త వంకర.
ఊపిరి బిగబట్టమన్నాను, బిగబట్టాడు.
ఆయనకి నేను గుర్తులేను.
ఆ గదిలో నేను అద్దం వెనకాల గొంతుని మాత్రమే.

ఆ గదిలో చూసింది ఆ గదిలోనే ఉండాలి.
"ఎందుకమ్మేస్తున్నారు?" అన్నాను.
"మోకాలు" అన్నాడు.
వెనక టైరు అరిగిందని చెప్పి
వంద పౌండ్లు తగ్గించమన్నాను,
గీత ఊసెత్తకుండా.

తాళం చేతిలో పెట్టాక, వదలకుండా, అన్నాడు:
"కొండ దిగేప్పుడు రెండో వంపు దగ్గర
గొర్రెలు దాటుతాయి.
అక్కడ నీడలో రోడ్డు ఎండదు.
మార్చిలో మరీను."
మార్చి అన్నాడు.
నేను తలూపాను.
తాళం వదిలాడు.

సోమవారం. చినుకులు. రెండో వంపు.
గేరు ఒకటి తగ్గించాను.
నన్ను చూసి ఒక గొర్రె
నమలడం ఆపింది.