పాత్రలు

పాలకొల్లు లాకుల దగ్గర
నా జిరాక్సు షాపు మీద గది.
మూడు రోజులుగా ముసురు.
ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక
ఇప్పుడే ఎగరేశారని ఎవరో ఫోన్లో చెప్పారు.
బల్ల మీద పటం పరిచి
"ఇదీ ఎడారి" అన్నాను.
పటం అంచు అప్పటికే చెమ్మకి ఉబ్బింది.

నెల్లాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న లోకం.
రెండు సూర్యుళ్ళు. గొడుగంత నీడ కూడా లేదు.
నాణేలుండవక్కడ, గుక్కే డబ్బు.
కత్తి పన్నెండు గుక్కలు,
ఒంటె నాలుగొందలు,
ఏడిస్తే జుర్మానా, ఒక్కో చుక్కకీ.
వచ్చే ఆదివారం ఆటలో ప్రయాణం మొదలు.
ఇవాళ మనుషుల్ని తయారు చేసుకోవాలి.

తలో కాగితం ఇచ్చాను:
బలం, చురుకు, ఓర్పు, మాటనేర్పు.
ఇరవై ముఖాల పాచిక ఒక్కటే వచ్చింది
తడిసిన కొరియర్ పొట్లంలో.
వంతులేసుకున్నాం.

రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కాసే ధనకోటి
మొదటే అడిగాడు, "పడవుండొచ్చాండీ?"
ఎడారిరా బాబూ.
"పోనీ తెడ్డు?"
తెడ్డుతో ఏం చేస్తావ్?
"ఏమోనండి, చేతిలో ఏదోటి లేకపోతే
నాకు చీకట్లో నడవబుద్ధి కాదు."
రాసుకోమన్నాను. తెడ్డు, ఒకటి.

ఎస్తేరురాణి మంత్రగత్తె.
ఇసకని లేసుకొక్కేనికి తగిలించి
తాళ్ళు అల్లుతుందట.
ఓర్పుకి పాచిక నాలుగే పడితే
మెటికలు విరుచుకుంటూ నవ్వింది:
"పొద్దుట్నించి రెండు మేజాగుడ్డలు పూర్తిచేశాను,
దీనికేం తెల్సు నా ఓర్పు."

బుల్లెబ్బాయిగారు లాకు తలుపులెత్తీ దించీ
మొన్న చైత్రంలోనే రిటైరయ్యారు.
"ముప్పయ్యేళ్ళు తాళాలు నా మొలకే ఉన్నాయి.
ఒక్కసారి దొంగనవుతానయ్యా."
అంత సంబరంగా పెన్సిలు చెక్కుకోవడం
ఆయన్నెప్పుడూ చూళ్ళేదు.

మూల కారుతున్న చోట పెట్టిన గిన్నె నిండింది.
ఆయనే లేచి కిటికీలోంచి పారబోశారు.
ఎవరూ లెక్కేయలేదు గానీ
అది ఒంటెలో సగం.

నూకరత్నం ఆ కిటికీ వైపే చూస్తోంది.
ఉప్పుటేరు పక్కన, కాలవ శివారూరు వాళ్ళది.
షాపులో నా దగ్గరే పని.
ఇంతసేపూ ఒక్క మాట లేదు,
కాగితం మాత్రం వెనకవైపు కూడా నిండిపోయింది.
తీసి చదివాను.

బలం: రెండు బిందెలు, ఒకటి నెత్తిన ఒకటి చంకన.
చురుకు: ట్యాంకరు హారనుకి నిద్రలేస్తుంది.
ఆయుధం: లేదు.
సామాను: ఒక రాయి.

రాయెందుకు?
"వరసలో నా బదులు పెట్టడానికి."

మరి పేరు రాయలేదేం నీ పాత్రకి?
"పాత్రంటే గిన్నేగా. గిన్నెకి పేరేంటి?"
అని, నా ధరల పట్టీ తనవైపు లాక్కుంది.
"పన్నెండు గుక్కలకి కత్తెవడూ ఇవ్వడండి.
మంగళారం ఒక రేటు, ట్యాంకరు రాని వారం ఒక రేటు.
దాహమేసినోళ్ళు గటగటా తాగరు.
ముందు పెదాలు తడుపుకుంటారు.
బియ్యం కడిగిన నీళ్ళు మీ లోకంలో ఏం చేస్తారు?
రాయలేదే?"

రాయలేదు.

"మా బావి నేను ఏడో తరగతిలో ఉండగా ఉప్పయింది,
చెరువులు తవ్వాక" అంది,
ఎవరి వైపూ చూడకుండా.
ధనకోటి తెడ్డు అన్న మాట మీద
పెన్సిలుతో దిద్దిందే దిద్దుతున్నాడు.
కాసేపటికి, "ఆ ఎడారిలో రొయ్యలుంటాయాండీ?"
నవ్వుతామనుకున్నాడు పాపం.

దాహానికి నేను వేసిన పట్టీ పదహారు వరసలు.
అడ్డంగా కొట్టేశాను.
"చెప్పు, మొదట్నించి చెప్పు" అన్నాను నూకరత్నంతో.
"ఆఖరి బస్సు వెళ్ళిపోద్దండి,
ఆదివారం చెప్తాలెండి."

మెట్ల కింద కుళాయి దగ్గర ఆగింది.
వాన పైట మీద పడుతూనే ఉంది.
సీసా నిండా పట్టుకుని, మూత బిగించి,
తలకిందులు చేసి
ఒక్క నిమిషం చూసింది, కారుతోందేమోనని.