పద్నాలుగో ప్రశ్న

ఫారానికి నలభై రూపాయలు.
రోజుకు ముప్పై.
వీధి దీపం వెలుగుతుందా, కుళాయికి నీళ్ళొస్తాయా,
పదమూడు దాకా అందరూ నాతో మాట్లాడతారు.
పద్నాలుగు కాడ
మంచినీళ్ళ గ్లాసు వెనక్కి పోతుంది.

"ఇద్దరు ఆడవాళ్ళు గానీ, ఇద్దరు మగవాళ్ళు గానీ
పెళ్ళి చేసుకుంటే చట్టం ఒప్పుకోవాలా?"
సమ్మతం. అసమ్మతం. చెప్పలేను.
నాలుగో గడి లేదు.

ఏడురోడ్ల కాడ పంచర్ల అంగడి ఓబులేసు
ట్యూబు నీళ్ళలో ముంచి, బుడగల కోసం చూస్తా అడిగినాడు:
"మరి కట్నం ఎవురియ్యాల?"
మరియాపురంలో రూతమ్మ వాక్యం చదివి వినిపించింది.
చదివినాక నా ఎండిన మొహం చూసి మజ్జిగ ఇచ్చింది.
శంకరాపురం వకీలుసారు
"హక్కులు అందరికీ సమానమే, సమ్మతం రాసుకో" అని
గేటు దాకా వచ్చి గొంతు తగ్గించినాడు:
"మా ఇంటిపేరు మాత్రం రాయొద్దు."
చిన్నచౌకులో ఒకామె అంట్లు తోముతా నవ్వింది:
"ఇద్దరూ ఆడోళ్ళే అయితే
ఈ గిన్నెలన్నా సగం సగం పడతాయి గదమ్మే!"

నబీకోటలో ఇంటర్ పిల్లోడు ట్యాబు తానే తీసుకున్నాడు.
వంటింట్లో వాళ్ళమ్మ తిరగవాత పెడతాంది.
వేలు సమ్మతం మీద కాసేపు ఆగి
చెప్పలేను మీద దిగింది.
నేను వాని మొహం చూడలేదు.
చూస్తే వాడు నా మొహం చూస్తాడు.

నన్నెవరూ అడగరు.
అడిగేదానికి అభిప్రాయం ఉండకూడదని ట్రైనింగులో చెప్పినారు.
ఇల్లుగలాయన "అక్కచెల్లెండ్లా?" అంటే
ఇద్దరం ఒకేసారి "ఊ" అన్నాం.
పోయినేడు నా కడుపు కోసిన రోజు
సూది గుచ్చింది కుళ్ళాయమ్మే, ఆ ఆసుపత్రిలోనే నర్సు.
ఆమె సంతకం మాత్రం చెల్లలేదు.
ఏడేండ్లుగా నాతో మాట్లాడని అన్న
జమ్మలమడుగు నుంచి బస్సు దిగేదాకా
నేను స్ట్రెచర్ మీదే.

ఉగాది పొద్దున కూడా సెలవు లేదు. దేవునికడప గుడి వరుస.
హుసేన్‌బీ, బురఖా కింద టెంకాయ, బెల్లం.
"మా పిల్లనిచ్చిన ఇల్లు గదమ్మా,
పండగపూట రాకుంటే ఎట్ల?"
నాంచారమ్మ సంగతి.
పద్నాలుగు అడిగినా.
ఆమె చానాసేపు ధ్వజస్తంభం దిక్కు చూసింది.
"ఆ పిల్ల పొయ్యేటప్పుడు మమ్మల్నెవురడిగినారు?
తానే పోయింది.
పోయినాక ఎన్నాళ్ళకో మేం చుట్టాలమైనాం.
మంది మాట వెనక బస్సుకొస్తాదిలే."
ఏ గడిలో వెయ్యాలో తెలీక ట్యాబు ఆమె ముందే పెట్టినా.
"నాకు సదువు రాదు" అని
నా చేతిలో బెల్లంముక్క పెట్టింది.
ట్యాబు జిగటయింది.

రాత్రికి ఇరవైతొమ్మిది. ఒకటి తక్కువ.
డ్యూటీకి జడ వేసుకుంటా కుళ్ళాయమ్మ
"నన్ను రాసుకో" అంది.
పేరు. వయసు.
మూడో ప్రశ్న: ఇంట్లో ఇంకెవరుంటారు, మీకు ఏమవుతారు?

రబ్బరు బ్యాండు పళ్ళ మధ్య పట్టుకుని
నా దిక్కు చూసింది.

పద్నాలుగు దాకా పోనేలేదు మేం.