పదును

ముప్పైరెండేండ్లు బెళుగుప్ప ఆఫీసులో
నేను చేసింది ఒకటే పని అనొచ్చు:
పొద్దున ఎనిమిదిన్నరకు
ఇత్తడి గరాటు కిందుండే సీసాను ఎత్తి చూడటం.
ఎక్కువ దినాలు అందులో ఉండేది
ఒక చీమ, రవ్వంత దుమ్ము.
పుస్తకంలో సున్నా రాసి సంతకం పెట్టేవాణ్ణి.
సున్నాలకు జీతం తీసుకున్న మనిషిని.

రిటైరైన నాడు శాలువా కప్పి
గోడగడియారం చేతిలో పెట్టినారు.
ఎనిమిదిన్నరైతే చాలు, లేచి నిలబడేవాణ్ణి.
"యాడికి పోతావ్? కూచో, రొట్టె చల్లారిపోతాది"
అనేది మారెక్క.

కూచున్నా. నాలుగు నెలలు.
గొళ్లేలకు నూనె పోసినా.
పప్పుడబ్బాలకు పేర్లు రాసి అంటించినా.
ఆమెకు చదువు రాదు,
డబ్బా ఊపితే చాలు
ఏముందో తెలుస్తాది.

ఆఫీసులో ఇప్పుడు మిషన్ ఉండాది,
కంచెలోపల, తెల్లగా.
లెక్క నేరుగా అమరావతికి పోతాదంట. పోనీ, మంచిదే.
దాన్ని అడిగేదెట్లో వన్నూరప్పకు తెలీదు, అంతే.

మృగశిరలో ఒక రాత్రి కురిసింది.
తెల్లారకముందే ఫోను:
"తిప్పన్నా, పదునైందా? ఇత్తనం ఏసేదా, ఆగేదా?"
అప్పు తెచ్చిన శెనక్కాయ మూటలు
మూడు, వాని నడవలో.

నా దగ్గర సీసా యాడుంది?
వాకిట్లో మారెక్క మరిచిన సత్తుగిన్నె ఉంటే
పిల్లోళ్ల స్కేలు ముంచి చూసినా: పదకొండు.
వాని చేనికి పోయి గడ్డపారతో తవ్వినా.
చూపుడువేలంత తడి,
దాని కింద బూడిద లెక్క పొడిమన్ను.
"ఆగప్పా" అన్నా.
వాడు ఆగినాడు. గట్టవతలోడు ఏసినాడు.
ఆ తర్వాత ఇరవైరెండు దినాలు ఎండ.

అట్లని అన్నిసార్లూ గెలవలేదు.
పోయినేడు నా మాట విని ఇద్దరు ఆగి
అదును పోగొట్టుకున్నారు.
వాళ్ల వాకిట్లకు పోయి నిలబడినా.
ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చినారు.
ఆ కాఫీ ఇంకా దిగలేదు.

ఇప్పుడు పదకొండు చేన్లలో పదకొండు డబ్బాలు,
అన్నీ నిలువు గోడలవి, నేనే ఏరి పెట్టినవి.
సైకిలు మీద చుట్టొస్తే రెండు గంటలు.
మోకాలు సణుగుతాది, సణగనీ.

ఈ పొద్దు పదకొండింటిలోనూ సున్నానే.
వన్నూరప్ప బిడ్డ నోటుబుక్కులో రాసుకుంది,
ఒక డబ్బాలో తూనీగ పడుంటే
దాన్ని కూడా రాసింది.

గడియారం యాడుందో మారెక్కనడగాల.
పొద్దున్నే రొట్టెలు గుడ్డలో మూటగట్టి
హ్యాండిలుకు తగిలిస్తాది ఆమె.
చల్లారిపోతాయని
ఇప్పుడు అనదు.